కాంక్రీటుకు అతికించిన కార్బన్ ప్లేటు జిగురు ఏళ్ల తరబడి జారకుండా చూసుకోవడం: వరంగల్ ఎండకు తగిన సమగ్ర మార్గదర్శి

వరంగల్, కరీంనగర్, రామగుండం ప్రాంతాల్లో పాతికేళ్లు, ముప్పై ఏళ్లు దాటిన కాంక్రీటు కట్టడాల మీదికి ఇప్పుడు కొత్త బరువులు వచ్చి చేరుతున్నాయి. రైసు మిల్లులో అదనపు యంత్రం బిగిస్తారు, నివాసం కోసం కట్టిన ఇల్లు నర్సింగ్ హోంగా మారుతుంది, డాబా మీద ఒక ట్యాంకు ఉన్న చోట నాలుగు ట్యాంకులు వెలుస్తాయి. ఇలాంటి చోట్ల దూలం అడుగున కార్బన్ ఫైబర్ ప్లేటును ఎపాక్సీ జిగురుతో అతికించి బలం పెంచడం మామూలైంది. ప్లేటు ఎంత లాగుడు తట్టుకుంటుందని యజమానులందరూ అడుగుతారు. దాన్ని పట్టి ఉంచే రెండు మిల్లీమీటర్ల జిగురు పొర ఏళ్ల పాటు దిగని బరువు కింద, 45 డిగ్రీల వేసవిలో ఏమవుతుందని అడిగేవారు చాలా తక్కువ. ఈ వ్యాసం ఆ రెండో ప్రశ్నకు పని క్రమంలో సమాధానం చెబుతుంది. దిగని బరువును వీలైనంత వరకు పాత ఉక్కు మీద, పాత కాంక్రీటు మీదే ఉంచాలి. జిగురు మీద పెట్టక తప్పనప్పుడు మాత్రం దాన్ని మన ఎండను కొలిచి ఎంచుకోవాలి.

జిగురు పొరలో జరిగే మార్పు

గట్టిపడిన ఎపాక్సీ చేతికి రాయిలా తగులుతుంది గానీ, అది ఉక్కులాంటి ఘనపదార్థం కాదు. దాని మీద బరువు నిలిచి ఉంటే అందులోని పొడవాటి అణుగొలుసులు ఒకదాని పక్క నుంచి ఒకటి మెల్లగా జరుగుతూనే ఉంటాయి. బరువు పెరగకపోయినా రూపు మార్పు పెరుగుతూ పోయే ఈ ప్రవర్తననే క్రీప్ అంటాము. వేడి పెరిగేకొద్దీ ఈ కదలిక వేగం పుంజుకుంటుంది. ఒక ఉష్ణోగ్రత దాటితే జిగురు గాజులాంటి స్థితి వదిలి రబ్బరులాంటి స్థితిలోకి జారుతుంది. దీనిని గ్లాస్ ట్రాన్సిషన్ ఉష్ణోగ్రత అంటారు. ఇకమీదట టీజీ అని రాస్తాను. పుష్యమాసంలో కత్తికి లొంగని బెల్లం దిమ్మ వైశాఖంలో తన బరువుకు తానే కుంగినట్టు, టీజీకి దగ్గరైన జిగురు తన మీది లాగుడుకు లొంగుతుంది. అది కరగనవసరం లేదు, మెత్తబడితే చాలు.

ప్లేటు లాగుడు జిగురు పొర అంతటికీ సమానంగా పంచబడదు. ప్లేటు చివర్లలో, దూలం పగుళ్ల అంచుల్లో కొద్ది మిల్లీమీటర్ల పొడవులోనే కోత ఒత్తిడి (ప్లేటును, కాంక్రీటును ఒకదాని మీదుగా ఒకటి జరపజూసే ఒత్తిడి) గుమిగూడుతుంది. ఒక లెక్క చూద్దాం. 1.4 మి.మీ. మందం, 165 గిగాపాస్కల్ దృఢత్వం గల (గిగాపాస్కల్ అంటే వెయ్యి మెగాపాస్కల్; మెగాపాస్కల్ అంటే చదరపు మి.మీ.కు ఒక న్యూటన్) ప్లేటును 2 మి.మీ. జిగురుతో అతికించామనుకుందాం. జిగురు కోత దృఢత్వం 1,920 మెగాపాస్కల్ దాకా ఉందనుకుంటే, ఒత్తిడి గుమిగూడే పొడవును సూచించే కొలత సుమారు 15.5 మి.మీ. వస్తుంది. కొన్నాళ్లకు క్రీప్ గుణకం, అంటే తక్షణ సాగుడుకు అదనంగా ఎన్ని రెట్లు సాగిందో చెప్పే అంకె, 3కు చేరిందనుకోండి. జిగురు దృఢత్వం నాలుగో వంతుకు పడిపోతుంది, ఆ కొలత రెట్టింపై 31 మి.మీ. అవుతుంది, శిఖర ఒత్తిడి సగానికి తగ్గుతుంది. అంటే క్రీప్‌ను పూర్తిగా శత్రువుగా చూడనక్కర్లేదు. తక్కువ ఒత్తిడిలో, టీజీకి చాలా దిగువన జరిగే క్రీప్ చివర్లలోని ఒత్తిడిని పలుచన చేసి అక్కడి కాంక్రీటుకు ఊరటనిస్తుంది.

ప్రమాదం మరో చోట ఉంది. జారుడు పెరిగేకొద్దీ ప్లేటు మోసే వాటా తగ్గి, ఆ వాటా తిరిగి పాత ఉక్కు మీదికి వెళ్తుంది, పగుళ్లు వెడల్పవుతాయి, దూలం వంపు పెరుగుతుంది. జిగురు మీది ఒత్తిడి దాని తక్షణ బలంలో పెద్ద భాగమైతేనో, ఉష్ణోగ్రత టీజీని సమీపిస్తేనో జారుడు నెమ్మదించకుండా స్థిర వేగంతో సాగి, ఆ తర్వాత వేగం పుంజుకొని ఊడిపోయే దశకు చేరుతుంది.

ఇది పుస్తకాలకే పరిమితమైన భయం కాదు. 2006 జూలై 10న అమెరికాలోని బోస్టన్‌లో ఒక రహదారి సొరంగం పైకప్పు నుంచి సుమారు 26 టన్నుల కాంక్రీటు పలకలు, వాటిని వేలాడదీసిన సామగ్రి కారు మీద పడి ఒకరు మరణించారు. ఆ పలకలను పట్టి ఉంచిన ఉక్కు బోల్టులను ఎపాక్సీతో కాంక్రీటులో నాటారు. తక్షణ బలం బాగున్నా దీర్ఘకాల భారం కింద నిలవలేని రకం ఎపాక్సీ వాడటమే కారణమని అక్కడి జాతీయ రవాణా భద్రతా మండలి తేల్చింది. అక్కడ అతికింది ఫైబర్ ప్లేటు కాకపోయినా, జిగురుకు వర్తించే పాఠం ఒకటే: బిగించిన రోజు చేసే లాగుడు పరీక్షలో నెగ్గడం వేరు, ఏళ్ల తరబడి నిలవడం వేరు.

మొదటి మెట్టు: దిగని బరువును విడిగా లెక్కించండి

ఏ పనికైనా ముందుగా బరువులను రెండు పద్దులుగా రాయండి. వచ్చి పోయేవి ఒక పద్దు, వచ్చి ఉండిపోయేవి మరో పద్దు. మనుషులు, వాహనాలు, గాలి మొదటి పద్దులోకి వస్తాయి. రెండో పద్దులో చాలామంది పొరబడతారు. వెయ్యి లీటర్ల ట్యాంకు నిండితే టన్ను బరువు. రోజూ నింపుతారు కాబట్టి దాన్ని నిలిచి ఉండే బరువుగానే చూడాలి. గోదాములో ధాన్యం బస్తాలను డిజైన్ కోడ్ ప్రకారం చర భారంగా (వచ్చి పోయే బరువుగా) రాస్తారు గానీ, యాసంగి ధాన్యం లాట్లు నెలల పాటు కదలకపోతే జిగురుకు అది స్థిర భారమే (నిలిచి ఉండే బరువే). అదీ ఎండాకాలంలోనే నిలిచి ఉంటుంది.

తర్వాత చూడవలసింది పాత దూలం సొంత సామర్థ్యం. అమెరికన్ కాంక్రీట్ ఇన్‌స్టిట్యూట్ వారి 440.2ఆర్ మార్గదర్శకం ప్రకారం, ప్లేటు పూర్తిగా ఊడిపోయిందనుకున్నా, పాత దూలం కొత్త స్థిర భారానికి 1.1 రెట్లు, కొత్త చర భారానికి 0.75 రెట్లు కలిపి మోయగలగాలి. అగ్నిప్రమాదాన్ని, దుశ్చర్యలను దృష్టిలో పెట్టుకొని చేసిన ఈ నియమం క్రీప్ విషయంలోనూ మనకు కంచెలా పనికొస్తుంది. ఈ పరీక్షలో దూలం నెగ్గకపోతే ప్లేటు ఆలోచన అక్కడితో మానేసి, కాంక్రీటు జాకెటింగో (దూలం చుట్టూ కొత్త కాంక్రీటు పొర పోయడమో) ఉక్కు దూలమో చూసుకోవాలని నా నిశ్చితాభిప్రాయం.

ఇప్పుడు ప్లేటులో నిలిచి ఉండే ఒత్తిడిని లెక్కకట్టాలి. 300 మి.మీ. వెడల్పు, 600 మి.మీ. లోతు, 550 మి.మీ. ప్రభావ లోతు (పై అంచు నుంచి అడుగు కడ్డీల మధ్య దాకా), 5 మీటర్ల నిడివి గల ఎం25 (ఘనపు దిమ్మ బలం 25 మెగాపాస్కల్ గల) కాంక్రీటు దూలాన్ని తీసుకోండి. అడుగున 20 మి.మీ. కడ్డీలు నాలుగు ఉన్నాయి. దాని కింద 100 మి.మీ. వెడల్పు, 1.4 మి.మీ. మందం ప్లేటు ఒకటి అతికించాము. ప్లేటు అతికించే నాటికే ఉన్న బరువంతా ఉక్కు మోస్తూనే ఉంటుంది; దానితో ప్లేటుకు సంబంధం లేదు. ఆ తర్వాత వచ్చి నిలిచిపోయే బరువు వల్ల మధ్యలో 40 కిలోన్యూటన్ మీటర్ల వంపు భ్రామకం (దూలాన్ని వంచే ప్రభావం) వస్తుందనుకుందాం. అడుగున పగిలిన దూలపు అడ్డుకోతకు మామూలు స్థితిస్థాపక సిద్ధాంతంతో లెక్కిస్తే ప్లేటులో సుమారు 54 మెగాపాస్కల్ ఒత్తిడి వస్తుంది. కాంక్రీటు తానూ క్రీప్‌కు లోనై కుంగుతుంది కాబట్టి, ఏడాది వయసులో బరువు పడిన కాంక్రీటుకు భారతీయ కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456:2000 ఇచ్చిన 1.1 గుణకం వాడి మళ్లీ లెక్కిస్తే అది 57 అవుతుంది. పాత కాంక్రీటుకు ఇంకా తక్కువే.

కార్బన్ ఫైబర్ విషయంలో దీర్ఘకాల ఒత్తిడి తెగుబలంలో 55 శాతం దాటకూడదని 440.2ఆర్ చెబుతుంది, గాజు ఫైబర్‌కు ఆ హద్దు 20 శాతమే. తెగుబలం 2,800 మెగాపాస్కల్ గల ప్లేటు ఆరుబయట ఉంటే 0.85 పర్యావరణ గుణకం వేసుకొని, కార్బన్ హద్దు 1,309 మెగాపాస్కల్ అవుతుంది. మన 57 దాని దరిదాపుల్లో కూడా లేదు. చాలా డిజైన్ నివేదికలు ఇక్కడ ‘సురక్షితం’ అని రాసి ముగుస్తాయి. ఆ హద్దు ఫైబర్ గురించి చెప్పింది, జిగురు గురించి కాదు. జిగురు మీది సగటు కోత ఒత్తిడిని కూడా లెక్కించండి: ఈ దూలంలో ఆధారం దగ్గర అది 0.06 మెగాపాస్కల్ మాత్రమే. సగటు ఇంత తక్కువ కాబట్టే, సరిగా చేసిన మామూలు అతుకులు ఏళ్ల తరబడి నిలుస్తున్నాయి. కలవరపెట్టేది చివర్లలో గుమిగూడే ఒత్తిడి, వేడి. ఆ రెండూ కలిసే చోటును తర్వాతి మెట్టులో చూస్తాము.

ప్లేటును ముందే సాగదీసి అతికించే పద్ధతిలో ఈ లెక్క పూర్తిగా మారిపోతుంది. అక్కడ వందల మెగాపాస్కల్ ఒత్తిడి మొదటి రోజు నుంచే ప్లేటులో నిలిచి ఉంటుంది. దాన్ని జిగురు ఒక్కదాని మీద వదలడం మన వాతావరణంలో ఏ రకంగానూ సమర్థనీయం కాదు. చివర్లలో బోల్టులతో బిగించిన ఉక్కు లంగర్లు తప్పనిసరిగా పెట్టాలి.

రెండో మెట్టు: వేడిని ఊహించకుండా కొలవండి

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మన పెద్దలు అన్నారు. ఉత్తర తెలంగాణలో మే నెల చివర నీడలోనే 44, 45 డిగ్రీలు నమోదవుతాయి. సూటిగా ఎండ తగిలే డాబా ఉపరితలం 60 డిగ్రీలు దాటగలదు. ఇటుక సున్నం తాపడం లేని నల్లటి స్లాబ్ అయితే ఇంకా వేడెక్కుతుంది. కాబట్టి వాతావరణ శాఖ అంకెతో డిజైన్ చేయకండి. ప్లేటు అతికించబోయే చోటే మధ్యాహ్నం మూడింటికి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో కాంక్రీటు ఉపరితలాన్ని కొలవండి. ఉప్పుడు బియ్యం మిల్లులో బాయిలరు, డ్రయ్యరు పక్కనున్న దూలాలను యంత్రాలు నడుస్తున్నప్పుడు విడిగా కొలవండి. రేకుల కప్పు కింద ఉన్న దూలాన్ని ‘లోపల ఉంది కదా’ అని వదిలేయకండి. పని చలికాలంలో వస్తే, వేసవి అంకెకు తగిన అంచనా వేసుకొని దానికి కొంత ఎక్కువే కలుపుకోండి.

440.2ఆర్ సూచన ప్రకారం, అతుకు అనుభవించే గరిష్ఠ ఉష్ణోగ్రత జిగురు టీజీకి కనీసం 15 డిగ్రీలు తక్కువగా ఉండాలి. దూలం అడుగున 46 డిగ్రీలు నమోదైతే టీజీ 61 దాటాలి. వేడి చేయకుండా గది ఉష్ణోగ్రతలోనే గట్టిపడే ఎపాక్సీల టీజీ సాధారణంగా 45 నుంచి 65 డిగ్రీల మధ్య ఉంటుందంటే, ఎంపిక ఎంత ఇరుకైనదో అర్థమవుతుంది. ఎండ తగిలే డాబా పైభాగానికి 75 దాటిన టీజీ కావాలి. అలాంటి చోట మామూలు ఎపాక్సీతో ప్లేటు అతికించవద్దు. పైభాగంలోనే బలం కావలసి వస్తే, కాంక్రీటులో గాడి కోసి కడ్డీని లోపల పెట్టి, పైన తాపడం వేసి, తెల్లని పూత పూసి, ఆ తర్వాత గాడి దగ్గరి ఉష్ణోగ్రతను మళ్లీ కొలిచి నిర్ణయించుకోవాలి. 1991లో స్విట్జర్లాండ్‌లోని లూసెర్న్ దగ్గర ఇబాఖ్ వంతెనకు కార్బన్ ప్లేట్లు అతికించడంతో ఈ విద్య ప్రపంచం దృష్టికి వచ్చింది. అక్కడి వేసవి మన వేసవి కాదన్నది పరదేశపు డేటా పత్రం చదివేటప్పుడల్లా గుర్తుంచుకోవాలి.

డేటా పత్రంలోని టీజీ అంకెను రెండు ప్రశ్నలు అడగకుండా నమ్మకూడదు. మొదటిది, ఏ పద్ధతిలో కొలిచారు? డీఎంఏ పరీక్షలో (నమూనాను వేడి చేస్తూ ఊపి దృఢత్వం కొలిచే పరీక్ష) దృఢత్వం పడిపోవడం మొదలయ్యే ఉష్ణోగ్రత ఒకటి, టాన్ డెల్టా (ఆ ఊపులో నమూనా పీల్చుకునే శక్తిని సూచించే కొలత) శిఖరం చూపే ఉష్ణోగ్రత మరొకటి. రెండోది మొదటి దానికంటే పది పదిహేను డిగ్రీలో, అంతకంటే ఎక్కువో ఎగువన ఉండటం సాధారణం. క్రీప్‌కు పనికొచ్చేది మొదటిదే. రెండో ప్రశ్న, గట్టిపడేటప్పుడు ఏ ఉష్ణోగ్రతలో ఉంచారు? 60 డిగ్రీల ఓవెన్‌లో ఉంచి కొలిచిన అంకె మన దూలానికి వర్తించదు. ఎపాక్సీ తాను గట్టిపడిన ఉష్ణోగ్రతకు ఓ పది ఇరవై డిగ్రీలు మించిన టీజీని తనంత తానుగా సంపాదించుకోలేదు. డిసెంబరులో రాత్రి 14 డిగ్రీలు, పగలు 28 డిగ్రీలు ఉన్నప్పుడు అతికించిన ప్లేటు జిగురు, డబ్బా మీద 62 అని రాసి ఉన్నా, 45 దగ్గరే ఆగిపోయి ఉండవచ్చు. ఆ స్థితిలోనే మార్చి ఎండ తగిలితే, పూర్తిగా గట్టిపడకముందే మెత్తబడే గడియ ఎదురవుతుంది. క్రమంగా వచ్చే వేడి మిగిలిన రసాయన చర్యను పూర్తి చేసి టీజీని పెంచుతుంది, నిజమే. అప్పటిదాకా ప్లేటు మీద దిగని బరువు ఉండకూడదన్నదే షరతు.

వేడికి మరో ముఖం ఉంది. కార్బన్ ప్లేటు పొడవునా వేడికి దాదాపు వ్యాకోచించదు. మన ప్రాంతపు గ్రానైట్ కంకర కాంక్రీటుకు డిగ్రీకి మిలియన్‌లో 7 నుంచి 9.5 భాగాలని ఐఎస్ 456 ఇస్తుంది. 9 అనుకొని, అతికించిన నాటి కంటే 30 డిగ్రీలు వేడెక్కితే, కాంక్రీటు సాగి ప్లేటును 270 మైక్రోస్ట్రెయిన్ (పొడవులో మిలియన్‌కు 270 భాగాలు) లాగుతుంది. ప్లేటులో 45 మెగాపాస్కల్, అంటే సుమారు 6.2 కిలోన్యూటన్ లాగుడు పుడుతుంది. బరువు వల్ల వచ్చిన 57తో పోల్చి చూడండి: దానిలో దాదాపు ఐదింట నాలుగు వంతులు. వంపు వల్ల వచ్చే లాగుడు దూలం మధ్యలో ఎక్కువై చివర్లకు తగ్గిపోతే, ఈ వేడి లాగుడు మొత్తం ప్లేటు చివరి కొద్ది మిల్లీమీటర్లలోనే కాంక్రీటులోకి దిగాలి. పైన చెప్పిన 15.5 మి.మీ. కొలతతో లెక్కిస్తే చివర 4 మెగాపాస్కల్ కోత ఒత్తిడి వస్తుంది. ఈ సరళ గణన కాంక్రీటును కదలని రాయిగా తీసుకుంటుంది కనుక కొంత ఎక్కువ చూపుతుంది గానీ, 2, 3 మెగాపాస్కల్ లాగుడు బలం గల కాంక్రీటుకు అది చిన్న అంకె కాదు. జిగురు అత్యంత మెత్తగా ఉండే మధ్యాహ్నమే ఈ లాగుడు కూడా అత్యధికం. అందుకే చలిలో చేసిన పనికంటే దసరా తర్వాతో, శివరాత్రి ముందువెనుకలో, పగలు 30 డిగ్రీల దగ్గర చేసిన పని మన ప్రాంతంలో మంచిది.

మూడో మెట్టు: కాంక్రీటు అర్హత

దీని గురించి ఇతర చోట్ల చాలా రాశారు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. సిలిండర్ ఆకారపు నమూనాను నలిపి కొలిచిన కాంక్రీటు బలం 17 మెగాపాస్కల్‌కు తగ్గకూడదు. ఘనపు దిమ్మ బలంలో అది 21 దాకా వస్తుంది కనుక, మన పాత ఇళ్లలోని ఎం15 అనర్హం, ఎం20 అనుమానాస్పదం. 50 మి.మీ. వ్యాసం గల లోహపు బిళ్లను అతికించి లాగే పరీక్షలో కనీసం 1.4 మెగాపాస్కల్, అంటే 2.75 కిలోన్యూటన్ రావాలి. అంకెతోపాటు ఊడి వచ్చిన బిళ్ల ముఖాన్ని కళ్లతో చూడండి. దాని నిండా కంకర ముక్కలు, విరిగిన కాంక్రీటు అంటుకొని వస్తే అతుకు మంచిది. బిళ్ల మీద నున్నని జిగురో, తెల్లని సున్నపు పొడో మాత్రమే ఉంటే అంకె ఎంత వచ్చినా ఆ ఉపరితలాన్ని తిరస్కరించండి.

చెమ్మను తేలికగా తీసుకోవద్దు. నీరు ఎపాక్సీలోకి చేరి టీజీని తగ్గిస్తుంది. పై నుంచి బాత్‌రూమో ట్యాంకో కారుతున్న స్లాబ్‌కు అడుగున ప్లేటు అతికిస్తే ఆ నీరు బయటికి పోయే దారి లేక జిగురు దగ్గరే నిలుస్తుంది. ముందు కారుడు ఆపండి. ఆ తర్వాత 450 మి.మీ. చదరపు ప్లాస్టిక్ కాగితాన్ని అంచుల వెంట టేపుతో అంటించి 16 గంటలు ఉంచి, లోపలి వైపు తడి పట్టిందేమో చూడండి. తుప్పుతో పెచ్చులు ఊడుతున్న దూలానికి తుప్పు వదిలించి మరమ్మతు చేయకుండా ప్లేటు అతికించేయడం యజమానిని మోసగించడమే. 0.3 మి.మీ. దాటిన పగుళ్లను ఎపాక్సీ ఇంజెక్షన్‌తో నింపాలి.

నాలుగో మెట్టు: ప్లేటు అమరిక

సన్నని, వెడల్పాటి ప్లేటు మందపాటి ఇరుకు ప్లేటుకంటే మేలు. అదే ఫైబర్ విస్తీర్ణాన్ని ఎక్కువ జిగురు మీదికి పంచుతుంది, చివరి శిఖర ఒత్తిడి తగ్గుతుంది. ఒకదాని మీద ఒకటి పొరలు వేయడం కంటే పక్కపక్కన అతికించండి. జిగురు మందం 1.5 నుంచి 2 మి.మీ. మధ్య ఉండేలా చూడండి. మందం పెరిగితే శిఖర ఒత్తిడి తగ్గుతుంది గానీ జారుడు అదే నిష్పత్తిలో పెరుగుతుంది, 3 మి.మీ. దాటితే దూలం ఉపరితలం సరిగా చదును చేయలేదని అర్థం.

ప్లేటును పగుళ్లు మొదలయ్యే స్థానం దాటి, ఆధారం వైపు వీలైనంత దూరం కొనసాగించండి. చివర్లలో యు ఆకారపు ఫైబర్ పట్టీ చుట్టడం అన్ని పనుల్లోనూ చేయాలని నా సలహా. లెక్క ప్రకారం అవసరం లేదని తేలినా చేయండి. ఆ పట్టీ క్రీప్‌ను ఆపదు. జిగురు జారి చివర లేచే పరిస్థితి వస్తే ఊడిపడకుండా పట్టుకొని, గమనించేందుకు సమయమిస్తుంది. పట్టీ చుట్టే దూలం అంచులను కనీసం 13 మి.మీ. వ్యాసార్ధంతో గుండ్రంగా అరగదీయాలి. దిగని బరువు ఎక్కువ వాటా ఉన్న చోట ఉపరితలపు ప్లేటు బదులు గాడిలో పెట్టే పట్టీలు వాడండి. మూడు వైపులా అతుకు దొరుకుతుంది, ఎండ తక్కువ తగులుతుంది.

ఐదో మెట్టు: సైటు మీద

అతుకు భవిష్యత్తును ఎక్కువగా నిర్ణయించేది కలిపే డబ్బానే. ఎపాక్సీలోని రెండు భాగాలైన రెసిన్, హార్డెనర్ (దాన్ని గట్టిపరిచేది) నిష్పత్తి తప్పితే మిగిలిపోయిన భాగం జిగురులో మెత్తదనంగా నిలిచిపోతుంది. గట్టిపడినట్టే కనిపిస్తుంది, లాగుడు పరీక్షలో కూడా నెగ్గవచ్చు, కానీ టీజీ పడిపోయి ఉంటుంది, వేసవిలో జారుతుంది. మేస్త్రీ ఎంత అనుభవజ్ఞుడైనా కంటి అంచనాతో కలపనివ్వకండి. కిరాణా కొట్టులో వాడే ఎలక్ట్రానిక్ కాంటా ఒకటి సైటులో ఉంచి తూకంతోనే కలపండి. రెండు భాగాలూ వేర్వేరు రంగుల్లో ఉంటే, డబ్బా గోడలు, అడుగు గీరి కలుపుతూ, ఒక్క చార కూడా మిగలకుండా ఏకరంగు వచ్చేదాకా కలపాలి. డ్రిల్లును నెమ్మదిగా తిప్పండి; వేగం పెంచితే గాలి బుడగలు చేరతాయి.

ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే జిగురు పనికొచ్చే సమయం సుమారుగా సగమవుతుంది. ఏప్రిల్‌లో చేయక తప్పకపోతే తెల్లవారుజామున మొదలుపెట్టి ఎండ ముదరకముందే ముగించండి, డబ్బాలను ముందురోజు రాత్రి చల్లని గదిలో పెట్టండి, కొద్ది కొద్దిగా కలపండి. చిక్కబడిన జిగురును పలుచన చేసేందుకు థిన్నర్ పోయడం నేరంతో సమానం. చలికాలంలో అయితే మంచు బిందువు (గాలిలోని తేమ నీటి చుక్కలుగా మారే ఉష్ణోగ్రత) చూసుకోవాలి: కాంక్రీటు ఉపరితలం దానికంటే కనీసం 3 డిగ్రీలు వెచ్చగా ఉండాలి. ప్లేటు మీది రక్షణ పొర ఊడదీసి, ద్రావణితో తుడిచి, తెల్లగుడ్డ మీద నలుపు రాని దాకా శుభ్రం చేయండి. ప్లేటు మీద జిగురును మధ్యలో ఎత్తుగా, పక్కలకు వాలుగా పరచి, రబ్బరు రోలరుతో మధ్య నుంచి అంచులకు నొక్కితే గాలి బయటికి పోయి రెండు పక్కలా జిగురు వరుసగా ఉబికి వస్తుంది. ఎక్కడ ఉబకలేదో అక్కడ డొల్ల ఉన్నట్టే.

ప్రతి కలపడం నుంచీ ఒక చిన్న జిగురు బిళ్ల పోసి, తేదీ, సమయం, ఉష్ణోగ్రత రాసి దూలం పక్కనే ఉంచండి. వాటిని దూలంతోపాటే గట్టిపడనివ్వాలి, కార్యాలయం గదిలో కాదు. ఏడు రోజులకు గోరుతో గీరితే గీత పడే బిళ్ల ఉంటే ఆ భాగం తీసేయవలసిందే. రెండు బిళ్లలను ప్రయోగశాలకు పంపి టీజీ కొలిపించండి. మొత్తం పని ఖర్చులో ఆ రుసుము చాలా స్వల్పం, అది ఇచ్చేంత విలువైన సమాచారం మరొకటి లేదు.

జాకీల సంగతి జాగ్రత్తగా ఆలోచించాలి. దూలాన్ని జాకీలతో పైకెత్తి ప్లేటు అతికించి తర్వాత జాకీలు తీస్తే, పాత స్థిర భారంలో కొంత భాగం శాశ్వతంగా జిగురు మీదికి వస్తుంది. ప్లేటు మొదటి రోజు నుంచే పని చేస్తుందని దీన్ని గొప్పగా చెప్పేవారున్నారు. మన ఎండలో అది జిగురు మీద కోరి మోపే భారం. దూలం ప్రస్తుత వంపు, పగుళ్లు సహించదగినవైతే ఎత్తకండి. కదలకుండా ఆనించి ఉంచండి చాలు. ఎత్తక తప్పకపోతే జాకీలను ఏడు రోజులకు కాకుండా, బిళ్లల టీజీ ఫలితం వచ్చాకే తీయండి. చలికాలపు పనికి హాలోజన్ దీపాలతోనో వేడి దుప్పట్లతోనో తయారీదారు చెప్పిన ఉష్ణోగ్రతకు క్రమంగా వేడి చేసి కొన్ని గంటలు నిలిపితే టీజీ పెరుగుతుంది. వయసు మళ్లేకొద్దీ ఎపాక్సీ అణువులు బిగుసుకొని క్రీప్ తగ్గుతుంది కాబట్టి, కొత్త బరువును ఎంత ఆలస్యంగా ఎక్కిస్తే అంత మంచిది.

ఆరో మెట్టు: పెద్ద పనులకు సొంత క్రీప్ పరీక్ష

వంతెన, పెద్ద గోదాము, సాగదీసి అతికించే ప్లేట్లు అయితే డేటా పత్రాల మీద ఆధారపడవద్దు. ఇంజనీరింగ్ కళాశాల సివిల్ ప్రయోగశాలలో ఈ పరీక్ష చేయించవచ్చు. 150 మి.మీ. చదరపు అడ్డుకోత గల రెండు కాంక్రీటు దిమ్మలను చిన్న ఎడంతో ఎదురెదురుగా ఉంచి, ఇరుపక్కలా 50 మి.మీ. వెడల్పు ప్లేటు ముక్కలను 200 మి.మీ. చొప్పున అతికించాలి. మూడు నమూనాలను వెంటనే లాగి తెంపి తక్షణ బలం కనుగొని, మిగిలిన వాటి మీద అందులో 20, 30, 40 శాతం బరువును తులాదండం ద్వారా వేలాడదీయాలి. ఒక జత గది ఉష్ణోగ్రతలో, మరో జత మీరు సైటులో కొలిచిన గరిష్ఠ ఉష్ణోగ్రతలో ఉండాలి. ఇందుకు థర్మోస్టాట్, బల్బులు అమర్చిన ప్లైవుడ్ పెట్టె చాలు.

జారుడును 1, 10, 100, 1,000, 10,000 నిమిషాలకు నమోదు చేయండి. చివరిది సుమారు ఏడు రోజులు. వీలైతే 1,00,000 నిమిషాల దాకా, అంటే పది వారాల దాకా కొనసాగించండి. కాలాన్ని లాగరిథమ్ స్కేలు మీద గీస్తే ప్రతి పదింతలకు జారుడు ఎంత పెరుగుతోందో కనిపిస్తుంది. 20 శాతం, 40 శాతం నమూనాల వక్రతలను వాటి ఒత్తిడితో భాగించినప్పుడు ఒకదాని మీద ఒకటి కూర్చుంటే క్రీప్ సరళ పరిధిలో ఉన్నట్టు. 40 శాతం వక్రత విడిపోయి పైకి లేస్తే ఆ జిగురును ఆ వేడిలో అంత బరువుకు వాడకూడదు. సరళ పరిధి దాటిన ఫలితాన్ని ఇరవై ఏళ్లకు పొడిగించి చెప్పడం శాస్త్రం కాదు.

ఏడో మెట్టు: అప్పగించాక చేసే నిఘా

గట్టిపడిన తర్వాత చిన్న సుత్తితోనో నాణెంతోనో ప్లేటు పొడవునా తట్టుతూ వినండి. గట్టి అతుకు దగ్గర పొట్టి, పొడి శబ్దం వస్తుంది. డొల్ల దగ్గర శబ్దం బోలుగా, కొంచెం సాగుతుంది. 1,300 చదరపు మి.మీ. కంటే చిన్న డొల్లలు మొత్తం విస్తీర్ణంలో 5 శాతం లోపు, చదరపు మీటరుకు పది లోపు ఉంటే 440.2ఆర్ ఒప్పుకుంటుంది. 16,000 చదరపు మి.మీ. దాటిన దాన్ని కోసి తీసి మళ్లీ అతికించాలి. ప్లేటు చివర 300 మి.మీ. లోపల మాత్రం నేను ఏ పరిమాణపు డొల్లనూ ఒప్పుకోను.

ప్లేటు చివర, దాని ముందున్న కాంక్రీటు మీద రెండు లోహపు బిందువులు అతికించి, వాటి మధ్య దూరాన్ని డెమెక్ గేజితో (రెండు బిందువుల మధ్య అతి సూక్ష్మ కదలికను కొలిచే పరికరం) కొలిచి పెట్టుకోండి. మొదటి ఏడాది నెలకోసారి, ఆ తర్వాత ఏటా మే చివర, డిసెంబరులో కొలవాలి. ఎప్పుడూ సూర్యోదయానికి ముందే, కాంక్రీటు ఉష్ణోగ్రత రాసుకొని కొలవండి. లేకపోతే పైన చెప్పిన వేడి వ్యాకోచాన్ని జారుడుగా పొరబడతారు. పోల్చేటప్పుడు కూడా మే కొలతను మేతోనే, డిసెంబరు కొలతను డిసెంబరుతోనే పోల్చాలి.

ఆరోగ్యకరమైన అతుకులో ఏటికేడు పెరుగుదల తగ్గుతూ వస్తుంది. మొదటి వేసవిలో కాస్త ఎక్కువ కదిలి, రెండో వేసవిలో తక్కువ కదిలి, మూడోనాటికి గేజి పొరపాటు హద్దులో కలిసిపోవాలి. రెండో ఏడు కదలిక మొదటి ఏటితో సమానంగా ఉంటే ఆ దూలం మీది దిగని బరువును వెంటనే తగ్గించే మార్గం చూడండి: ట్యాంకు మార్చడమో, బస్తాల లాటు గోడ వైపు జరపడమో. కదలిక అంతకు మించి పెరిగితే కింద జాకీలు పెట్టి, బరువు దించి, ప్లేటు చివరి నుంచి జిగురు ముక్క తీసి టీజీ కొలిపించండి. టీజీ సరిపోతే లోపం ఉపరితలంలోనో డొల్లలోనో ఉంది, అక్కడ కోసి మరమ్మతు చేయవచ్చు. టీజీ తక్కువని తేలితే ఆ కలపడం నుంచి అతికించిన ప్లేటంతా తీసేయాలి. ఏ ప్లేటు ఏ కలపడం నుంచి వచ్చిందో అప్పుడు చెప్పగలిగేది పని రోజున బిళ్లల మీద రాసిన తేదీ, సమయమే కాబట్టి, ఆ పట్టికను, మిగిలిన బిళ్లలను భవనం పత్రాలతో కలిపి యజమానికి అప్పగించండి.